బొమ్మయు బొరుసును : రోమక నాణెములయందును శాతవాహన నాణెములయందును రాజప్రచారము

ప్రాచీనకాలమున రాజు ప్రజలకు కనబడుట యరుదు. అతని యాజ్ఞను శిలపై చెక్కించినను ఆ శిల యున్నచోటికి పోయినవారే దానిని చూడగలరు. అక్షరము నేర్చినవారే చదువగలరు. అంగడికిని, సేనానివేశమునకును, ఓడరేవునకును తానే పోయి ప్రతివాని చేతిలోను నిలువగల రాజచిహ్నము నాణె మొక్కటియే. ఈ సంగతిని ప్రాచీనులలో రోమక చక్రవర్తులు మిక్కిలి లోతుగ గ్రహించిరని నాణకశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అయితే ఆ రోమక నాణెములే నౌకలకెక్కి తెలుగు దేశమునకు వచ్చినప్పుడు వాని పలుకు ఇచ్చట నెవరికి వినబడినది? ఇచ్చటి ప్రభువులైన శాతవాహనులు తమ నాణెములపై నెవరి నుద్దేశించి వ్రాయించిరి? ఈ రెండు ప్రశ్నలను జోడించి విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

ఇట్టి విచారణకు ఉత్తర తెలంగాణము తగిన క్షేత్రము. మంజీరకు తూర్పున, గోదావరికి దక్షిణమున నున్న గాంధారి, ఎల్లారెడ్డి, కామారెడ్డి ప్రాంతమును నడుమ నుంచుకొని చూచినచో, వాయవ్యమున బోధను కలదు. అది అశ్మక జనపదమునకు రాజధానియైన పోదనమని పలువురు పండితుల యభిప్రాయము. దక్షిణమున శాతవాహనుల నాణెములు వేలకొలదిగ దొరకిన కొండాపురము కలదు. తూర్పున కోటిలింగాల, పెద్దబంకూరు, ధూళికట్ట యను స్థలములు కలవు. పడమట గోదావరీ తీరముననే శాతవాహనుల ప్రతిష్ఠానపురము. క్రీస్తుశకము మొదటి శతాబ్దికి చెందిన 'పెరిప్లసు' అను గ్రీకు నౌకాయాన గ్రంథము బరుకచ్ఛము నుండి దక్షిణముగ నిరువది దినముల ప్రయాణమున ప్రతిష్ఠానమును, అచ్చటినుండి తూర్పుగ పది దినముల ప్రయాణమున తగరమును ఉన్నవని చెప్పుచున్నది. తగర మనగా నేటి తేరు. పడమటి రేవుల సరకును, దానితోడ పడమటి నాణెమును దక్కను నడిబొడ్డునకు చేరుటకు బాట లుండెనని దీనివలన స్పష్టము.

1. రోమున నాణెపు పలుకు

రోమునగరపు టంకసాలలో బ్రతికియున్న మనుష్యుని తలను నాణెముపై ముద్రించుట క్రీ. పూ. 44లో జూలియసు సీజరుతో నారంభమైనది. అంతవఱకు ఆ స్థానము దేవతలదియు, గతించిన పూర్వులదియు. రాజత్వమును ద్వేషించు ప్రజాప్రభుత్వమున నిది చిన్న మార్పు కాదు. ఆ సంవత్సరముననే సీజరు హతుడయ్యెను. అతనిని చంపినవారిలో ముఖ్యుడైన బ్రూటసు క్రీ. పూ. 42 ప్రాంతమున తన సైన్యమునకు జీతమిచ్చుటకై నాణెములు కొట్టించెను. వాని బొరుసున రెండు బాకులును, నడుమ దాస్యవిమోచనమునకు గుర్తగు టోపియు, క్రింద మార్చి నెలలోని ఆ హత్యాదినపు పేరును కలవు. కాని ఆ నాణెపు బొమ్మవైపున నున్నది బ్రూటసు తలయే. ప్రభువు తల నాణెముపై నుండరాదని పోరాడినవాడును ఆ పోరాటమును లోకమునకు చాటుటకు తన తలనే ముద్రించుకొనవలసి వచ్చెను. నాణెము రాజకీయ సాధనముగ నెంత బలపడినదో దీనివలన తెలియగలదు.

క్రీ. పూ. 27 నుండి క్రీ. శ. 14 వఱకు ప్రభుత్వము చేసిన అగస్టసు ఈ సాధనమును క్రమబద్ధముగ వాడెను. ఈజిప్టు వశమైనదని చాటుటకు మొసలి బొమ్మను వేయించెను. పార్థియనులు పూర్వము జయించి కొనిపోయిన రోమక సేనాధ్వజములను క్రీ. పూ. 20లో తిరిగి యిచ్చివేయగా, ధ్వజములు తిరిగివచ్చినవన్న మాటను నాణెములపై వ్రాయించెను. అది యుద్ధవిజయము కాదు, రాయబారపు ఫలితము. నాణెముపై నది విజయమువలెనే కనబడును. తరువాతి చక్రవర్తు లీ పద్ధతినే యనుసరించిరి. వెస్పాసియను యూదయ దేశమును జయించిన పిమ్మట ఖర్జూరవృక్షము క్రింద దుఃఖించుచు కూర్చున్న స్త్రీరూపమున ఆ దేశమును చూపి, యూదయ పట్టుబడినదని వ్రాయించెను.

మన విషయమునకు మిక్కిలి ముఖ్యమైనది అగస్టసు వెండి నాణెములలో నొక రకము. అగస్టసునకు కుమారులు లేరు. కుమార్తె జూలియా కొడుకులైన గైయసు, లూషియసు లను మనుమలను క్రీ. పూ. 17లో దత్తత చేసికొనెను. క్రీ. పూ. 2 మొదలుకొని గాలుదేశపు లుగ్డూనము, అనగా నేటి లియాను నగరపు టంకసాలలో కొట్టిన దేనారియసుల బొరుసున ఈ కుమారు లిరువురును డాళ్లపై చేతులుంచి నిలిచియుందురు. వారు అగస్టసు పుత్రులనియు, కాన్సలు పదవికి నియుక్తులనియు, యువజనములో ప్రథములనియు చుట్టును వ్రాసియుండును. రాజ్యము తరువాత నెవరిదో ముందుగనే సైనికులకును ప్రజలకును తెలుపుట దీని తాత్పర్యము. కాని లూషియసు క్రీ. శ. 2లోను, గైయసు క్రీ. శ. 4లోను మరణించిరి. రాజ్యము భార్య లీవియా కుమారుడైన టైబీరియసునకు పోయెను. టైబీరియసు నాణెములలో బహుళమైన రకమున బొరుసుపై రాజదండమును కొమ్మను పట్టి కూర్చున్న స్త్రీమూర్తి యుండును. ఆమె లీవియా యని పలువురు చెప్పుదురు.

ఈ నాణెముల నెవరైన చూచిరా, చదివిరా యను ప్రశ్నపై పండితులలో వాదము కలదు. 1956లో ఏ. హెచ్. ఎం. జోన్సు అను చరిత్రకారుడు నాణకశాస్త్రజ్ఞుల నాక్షేపించి, నేటి తపాలాబిళ్లలపై బొమ్మలను జను లెంత పట్టించుకొందురో నాటివారు నాణెపు బొమ్మలను నంతయే పట్టించుకొనియుందురని వాదించెను. 1959లో సి. హెచ్. వి. సదర్లాండు దీనికి సమాధానముగ నాణెపు చిత్రములు సామాన్యులకును గ్రాహ్యములే యని వ్రాసెను. 1982లో బార్బరా లెవిక్ వేఱొక మార్గమున చూచి, ఈ చిత్రములు ప్రజల నుద్దేశించినవి కావనియు, టంకసాల యధికారులు చక్రవర్తిని మెప్పించుటకై యతని గుణములను అతనికే చూపినవనియు ప్రతిపాదించెను. ఈ మూడు పక్షములును రోమక సామ్రాజ్యపు సరిహద్దులలోపలి ప్రజలను మనసులో నుంచుకొని చేసినవే. సరిహద్దు దాటిన నాణెమును చూచినచో వాదము కొంత తేటపడును. తెలుగు దేశపు నిక్షేపముల విలువ యిచ్చటనే కలదు.

2. తెలుగు దేశమున రోమక నాణెము

నల్లగొండ ప్రాంతపు అక్కనపల్లిలో దొరకిన నిక్షేపమున 1531 రోమక వెండి నాణెములు కలవు. కరీంనగరు ప్రాంతమున నస్తులాపురమందును, త్రవ్వకములు జరిగిన పెద్దబంకూరునందును అగస్టసు, టైబీరియసుల నాణెములు లభించినవి. తీరమునకు చేరువగ వినుకొండలో తరువాతి చక్రవర్తుల బంగారు నాణెములు బయల్పడినవి. పరమేశ్వరీలాల్ గుప్త 1965లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మ్యూజియము గ్రంథమాలయందు ప్రకటించిన పట్టిక వీని పరిశీలనకు నేటికిని మొదటి మెట్టు.

దక్కను నిక్షేపములలో మిక్కిలిగ దొరకు వెండి నాణెములు రెండే రకములు: పైన చెప్పిన గైయసు లూషియసుల నాణెమును, టైబీరియసు నాణెమును. వారసులను చాటిన నాణెమును, ఆ వారసులు పోగా రాజ్యము పొందినవాని నాణెమును ఇచ్చట నొక్క కుండలోనే ప్రక్క ప్రక్కన నిలిచినవి. మొదటిదాని వార్త క్రీ. శ. 4 నాటికే యసత్యమైనది. అయినను దక్కనులో నా నాణెము తరువాత ననేక దశాబ్దములు చెల్లినది. కారణము స్పష్టము. ఇచ్చట దానిని వార్తగ నెవరును చదువలేదు, వెండిగ తూచిరి. క్రీ. శ. 64లో నీరో చక్రవర్తి దేనారియసు తూకమును తగ్గించి, వెండిలో కల్తీ పెంచెను. అంతకు పూర్వము ఒక రోమక పౌను వెండికి 84 నాణెములు కాగా, నాటినుండి 96 అయినవి. కావున దక్షిణాపథపు వర్తకులు పాతనాణెమునే యాదరించిరనుట సహజము. రోమున ప్రచారమునకు పుట్టిన బొమ్మ యిచ్చట మంచి వెండికి గుర్తుగ మాఱినది.

ప్లినీ క్రీ. శ. 77లో సమర్పించిన ప్రకృతిచరిత్రలో నొక కథ దీనికి చక్కని సాక్ష్యము. క్లాడియసు కాలమున ఆనియసు ప్లోకామసు అనువాని దాసవిముక్తు డొకడు గాలివానలో చిక్కి సింహళమునకు కొట్టుకొనిపోయెను. అచ్చటి రాజు అతనియొద్దనున్న దేనారియసులను పరిశీలించి, వానిపై తలలు వేఱువేఱు ప్రభువులవైనను తూకము మాత్ర మొక్కటియే యగుట చూచి రోమకుల నిజాయితీకి మెచ్చెనట. ఈ కథలో రాజు బొమ్మను చూడకపోలేదు. తలలు భిన్నములని గుర్తించెను. కాని ఏ చక్రవర్తి యేమి జయించెనన్న సంగతి యతని కక్కఱకు రాలేదు. ముఖము మాఱినను మాఱని తూకమే యతనికి రోమునుగూర్చి చెప్పిన మాట. రోమకులు చెప్పదలచినదొకటి, దక్షిణదేశము విన్నది వేఱొకటి.

ఇచ్చటివా రా నాణెములతో నేమి చేసిరో చూచినను ఇదియే తేలును. తమిళదేశపు పుదుక్కోట రాజ్యమున 1898లో దొరకిన 501 బంగారు నాణెములలో 461 నాణెములపై చక్రవర్తి ముఖమునకడ్డముగ గాటు పెట్టియున్నది. లోపల నిజముగ బంగారమేనా యని పరీక్షించుటకు గాటు పెట్టిరని కొందఱును, ఆ నాణెమును చెలామణి నుండి తొలగించుటకని కొందఱును చెప్పుదురు. ఎట్లయినను రోమున రాజద్రోహముగ నెంచదగిన పని యిచ్చట వ్యాపారపు పరీక్షగనో, వ్యవహారపు నియమముగనో జరిగినది. తెలుగు దేశపు వెండి నాణెములపైనను చిన్న చిన్న స్థానిక ముద్రలును గాట్లును కనబడుచున్నవి. ఇచ్చటి వర్తకులకు చిరకాలమునుండి యలవాటైన విద్ధాంక నాణెముల పద్ధతియే విదేశపు నాణెమునకును వర్తించినదని యూహింపవచ్చును. ఆ పద్ధతిలో నాణెమునకు విశ్వాసము కలిగించునది ముఖము కాదు, ముద్ర.

నగయై మెడకెక్కిన నాణెములును కలవు. పదునెనిమిదవ శతాబ్ది చివర నెల్లూరు సమీపమున నొక రైతు దున్నుచుండగా నాగలికి ఇటుకకట్టడము తగిలెను. త్రవ్విచూడగా చిన్న దేవాలయపు శిథిలముల క్రింద నొక కుండలో రెండవ శతాబ్దపు రోమక బంగారు నాణెములు బయటపడినవి. అతడు వానిని పాతబంగారముగ నమ్మివేసెను, అనేకము కరగిపోయినవి. మిగిలినవానిని గూర్చి మద్రాసు గవర్నరుగ పనిచేసిన అలెగ్జాండరు డేవిడ్సను వ్రాసిన లేఖ తొలినాటి 'ఏషియాటిక్ రీసెర్చెస్' సంపుటమున కలదు. కొన్ని యప్పుడే టంకసాల నుండి వచ్చినట్లు మెఱయుచుండగా, కొన్నింటికి దండకును మెడకును ధరించుటకై వేసిన రంధ్రము లున్నవని యందు తెలిపెను. కాసులపేరు ధరించు మన దేశమున నీ దృశ్యము వింత కాదు. కొండాపురము వంటి దక్కను పట్టణములలో రోమక నాణెముల ననుకరించిన మట్టిబిళ్లలు దొరకుటయు నిట్టిదే. బంగారు కాసు కొనలేనివారు దాని రూపమునైన ధరించిరి. చక్రవర్తి ముఖము అలంకారమైనది. అతని పేరు ఎవరికిని పట్టలేదు.

పేరు పట్టలేదన్నను ఒక మాట మాత్రము నిలిచినది. నాగార్జునకొండలోని యిక్ష్వాకుల కాలపు శాసన మొకటి, ఉజ్జయిని రాజకుమారియైన మహాదేవి రుద్రధర భట్టారిక శిలాస్తంభముతోపాటు 170 దీనారి మాషకముల దానము చేసినట్లు చెప్పుచున్నది. దేనారియసు అను రోమకపదము దీనారమై మన శాసనభాషలో చేరినది. చక్రవర్తుల విజయములు చేరలేదు, వారి వారసుల పేర్లు చేరలేదు. విలువను తెలుపు పదము చేరినది. నాణెము సరిహద్దు దాటినప్పుడు దానితోపాటు దాటునది విలువయే కాని ప్రచారము కాదని యీ పదము చాటుచున్నది.

3. జోగల్తంబి సాక్ష్యము

ఇంతమాత్రమున నాణెపు బొమ్మకు ప్రాచీన దక్షిణాపథమున విలువ లేదనుట పొరపాటు. పరాయి చక్రవర్తి బొమ్మ పలుకక పోవచ్చును. పొరుగు శత్రువు బొమ్మ పలుకును. దీనికి జోగల్తంబి నిక్షేపము నిదర్శనము.

నాసికు జిల్లాలోని జోగల్తంబి గ్రామమున 1906లో 13,250 వెండి నాణెములు దొరకినవి. అవి మొదట క్షహరాతవంశపు క్షత్రపుడైన నహపానునివి. ఒకవైపు రాజు తలయు గ్రీకు లిపిలో పేరును, వేఱొకవైపు బ్రాహ్మీ ఖరోష్ఠీ లిపులలో పేరును గల నాణెములివి. వీనిలో 9,270 నాణెములపై, అనగా మూడింట రెండు వంతులకు మించి, గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రలను తిరిగి కొట్టించెను. ఒకవైపు శిఖరములు గల చైత్యము లేక పర్వతము, చుట్టును 'రాఞో గోతమిపుతస సిరి సాతకణిస' అను ప్రాకృత లేఖనము. రెండవవైపు ఉజ్జయిని చిహ్నము. నహపానునిపై గౌతమీపుత్రుని విజయము జరిగిన సంవత్సరమునుగూర్చి భేదాభిప్రాయములున్నను, విజయము సంగతి యీ నాణెములవలన నిస్సందేహము.

ఇచ్చట గమనింపవలసిన విషయ మొకటి కలదు. శత్రువు వెండి చేజిక్కినప్పుడు కరగించి క్రొత్తనాణెములు పోయుట యొక మార్గము. వెండి తూకమే ప్రధానమైనచో ఏ ముద్రయు వేయక యట్లే చెలామణి కానిచ్చుట వేఱొక మార్గము. గౌతమీపుత్రుడు ఈ రెండును చేయలేదు. తొమ్మిదివేలకు పైగ నాణెములను ఒక్కొక్కటిగ తీసి, ముఖముపై ముద్ర వేయించెను. ఎన్నో నాణెములపై క్రొత్తముద్ర క్రింద నహపానుని చెంపయో, ముక్కో, అక్షరములో నేటికిని కనబడుచున్నవి. పాతముఖము పూర్తిగ మాయమగుటకంటె దానిపై క్రొత్తముద్ర నిలిచియుండుటయే విజయమునకు బలమైన గుర్తని యతడు తలంచియుండవచ్చును. కరగించు ఖర్చు తగ్గుట కూడ నొక కారణమై యుండవచ్చును. ఏది ప్రధానమైనను, నాణెముపై నెవరి చిహ్న మున్నదో ప్రజలు చూతురనియు, చూడవలయుననియు రాజు నమ్మెనని యీ శ్రమయే చెప్పుచున్నది. జోన్సు చెప్పిన తపాలాబిళ్ల పోలిక యిచ్చట చెల్లదు. మిగిలిన మూడవవంతు నాణెములు ముద్ర పడకయే యా నిక్షేపమున చేరుటవలన నీ పని యంతటను పూర్తి కాలేదనియు తెలియుచున్నది.

4. ఒక రాజు, రెండు భాషలు

శాతవాహనులు తొలుత ముఖమును నమ్మలేదు, పేరును నమ్మిరి. జగిత్యాల జిల్లాలో పెద్దవాగు గోదావరిని కలియుచోట నున్న కోటిలింగాలలో దొరకిన నాణెములను పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు పరిష్కరించి, గోభద, నారన, సామగోప మున్నగు పూర్వప్రభువుల పేర్లతోపాటు శాతవాహన వంశమునకు మొదటివాడైన చిముకుని పేరును చదివిరి. పురాణములందు సిముకుడని కనబడు రాజు నాణెముపై ప్రత్యక్షమగుట తెలంగాణ చరిత్రలో ముఖ్య ఘట్టము. ఈ తొలి నాణెములపై రాజు ముఖము లేదు.

కొండాపురము, పెద్దబంకూరు మున్నగు చోట్ల దొరకు సీసపు నాణెములును, పోటిను అను మిశ్రలోహపు నాణెములును సామాన్య ప్రజల వాడుకకు చెందినవి. వీనిపై తొండమెత్తిన యేనుగు, ఉజ్జయిని చిహ్నము, పర్వతము తఱచుగ నుండును. సముద్రతీర భాగమున సింహము, గుఱ్ఱము, రెండు తెరచాప స్తంభముల నౌక కనబడును. నౌకానాణెము పుళుమావిదని కొందఱును యజ్ఞశ్రీదని కొందఱును చదివిరి. ఎవరిదైనను, ఓడను చూచినవారున్న తీరముననే యా చిహ్నము వెలసినదనుట గమనింపదగినది. అక్షరము రానివానికి నేనుగు తెలియును, ఓడ తెలియును. ప్రతి భాగమునకు తగిన చిహ్నము నెన్నుకొనుట యీ వంశపు నాణెవిధానములో స్థిరముగ కనబడు లక్షణము.

ఈ లక్షణమునకు పరాకాష్ఠ వెండి నాణెములందు కలదు. క్షత్రపుల వెండి నాణెముల తూకమును, ముఖము వేయు పద్ధతిని గ్రహించి గౌతమీపుత్ర శాతకర్ణియు, వాసిష్ఠీపుత్ర పుళుమావియు, యజ్ఞశ్రీ శాతకర్ణియు, మఱికొందఱును తమ తలగల నాణెములను కొట్టించిరి. నాణెముపై ముఖమను భావము యవన, శక, రోమక నాణెముల మార్గమున వచ్చినదే. కాని ముఖము చుట్టును వ్రాసిన దేమి? బొమ్మవైపున ప్రాకృతమున 'రాఞో గోతమిపుతస సిరి యఞ సాతకణిస' అని యజ్ఞశ్రీ నాణెము. బొరుసువైపున ఉజ్జయిని చిహ్నము, పర్వతము, వాని చుట్టును 'అరహణకు గోతమి పుతుకు హిరు యఞ హాతకణికు' అని వేఱొక లేఖనము. పుళుమావి నాణెపు బొరుసున 'అరహణకు వాహిట్టి మాకణకు తిరు పుళుమావికు' అని చదివిరి. తొలుత పండితులు దీనిని ప్రాకృతమునందే యొక భేదముగ నెంచిరి. తరువాత నిది ద్రావిడభాష యని గుర్తించిరి. 1969లో ఆర్. పన్నీర్‌సెల్వము ఈ లేఖనములను వివరముగ చర్చించెను.

తెలుగు విద్యార్థి యిచ్చట నాగవలెను. ప్రాకృతమున షష్ఠిని తెలుపు 'స' కారమునకు బదులుగ నిచ్చట 'కు' కలదు. 'నాకు ఇద్దరు కొడుకులు' అనునప్పుడు మనము నేటికిని ఈ 'కు'వర్ణకముచేతనే సంబంధమును తెలుపుచున్నాము. అయినను ఇది తెలుగే యని తొందరపడి చాటుట శాస్త్రమర్యాద కాదు. రాజును తెలుపు 'అరహణ' శబ్దమును, కుమారుని తెలుపు 'మాకణ' శబ్దమును తమిళపు 'అరసన్', 'మకన్' శబ్దములకు దగ్గరగ నున్నవి. చతుర్థిలో 'కు' తమిళమునను కలదు. సకారము హకారమగుట ప్రత్యేకముగ విచారింపవలసిన ధ్వనిమార్పు. మన భాషలు తమలో నింకను మిక్కిలి సన్నిహితములుగ నున్న కాలపు దక్షిణదేశ వ్యవహార మిందు కలదని మాత్రము చెప్పవచ్చును. రాజులు ప్రాకృతమునే శాసనభాషగ వాడిన కాలమున, ప్రజలు మాటలాడు భాషకు రాజముద్రపై చోటు దొరకుట యల్పవిషయము కాదు.

రోమక విధానముతో పోల్చిన నిది మఱింత స్పష్టమగును. పశ్చిమభాగపు రాజకీయ నాణెములపై భాష లాటినే. తూర్పు రాష్ట్రములలో గ్రీకు లేఖనములతో స్థానికనాణెములు వేఱుగ వెలువడినవి. శాతవాహను లొకే నాణెపు రెండు ముఖములను రెండు భాషల కిచ్చిరి. మఱియొక భేదమును కలదు. రోమక నాణెము జరిగినదానిని చెప్పును: ఈజిప్టు వశమైనది, ధ్వజములు వచ్చినవి, యూదయ పట్టుబడినది. శాతవాహన నాణెము విజయమును చెప్పదు. రాజుయొక్క యని షష్ఠీవిభక్తితో నాణె మెవరిదో చెప్పును. ఆ రాజెవరనగా తల్లిపేరుతో గౌతమీపుత్రుడు, వాసిష్ఠీపుత్రుడు. విజయముల వర్ణన నాసికు గుహలోని గౌతమీ బలశ్రీ శాసనమున కప్పగింపబడినది. అచ్చట క్షహరాతవంశ నాశనమును విపులముగ కీర్తించిరి. అదే సంగతిని నాణెముపై మాట లేకయే, శత్రుముఖముపై పడిన ముద్రచేత చెప్పిరి. కావున శాతవాహనులకు ప్రచారము లేదనరాదు. వారి ప్రచారము స్వామ్యమును తెలుపుటయందు నిలిచినది.

ఈ నిర్ణయమునకు పరిమితియు చెప్పవలెను. ద్విభాషా లేఖనము వెండి నాణెములకు సంబంధించినది. తెలంగాణపు గ్రామమున కూరగాయలు కొన్నవాని చేతిలో నెక్కువగ నుండినది సీసపు నాణెము, పోటిను నాణెము. ఆతడు ద్రావిడలేఖనమును చదివెనని చెప్పజాలము. అతనికి రాజు ఏనుగు రూపమున కనబడెను. వెండి చేత నాడినవారు వర్తకులు, అధికారులు, దాతలు. సోపారా స్తూపమున యజ్ఞశ్రీ వెండి నాణెము లభించుట దీనికి తగియున్నది. రాజు రెండవభాషలో పలికినది ముఖ్యముగ నీ వర్గముతోననుట యుక్తము. ప్రచారము ప్రజలందఱికిని ఒకేవిధముగ చేరునను భావమును రోము విషయమున లెవిక్ సందేహించినట్లే మనమును సందేహింపవలసియున్నది.

5. ఉపసంహారము

పైన చూచిన దానిని సంగ్రహించిన నిట్లు తేలుచున్నది. నాణెపు పలుకు ఆ నాణెమును చెల్లించు నధికార మున్నంతవఱకే పలుకును. ఆ హద్దు దాటినచో తూకముగ, నగగ, పదముగ మిగులును. రోమక చక్రవర్తుల ప్రచారము తెలుగు దేశమున మూగవోయినది. కాని నాణెముపై ప్రభువు తనను చూపుకొనవచ్చునను పద్ధతి, క్షత్రపుల చేతులమీదుగ వచ్చి, ఇచ్చట క్రొత్తరూపము దాల్చినది. పరాయివారి పద్ధతిని గ్రహించినవారు దానిలో తమ చిహ్నములను, తమ తల్లుల పేర్లను, తమ ప్రజల భాషను ఉంచిరి. దక్షిణదేశపు దేశభాష యిట్లు రాజముద్రపై నొక మూలనైనను కనబడుట భాషాచరిత్రకు విలువగల సాక్ష్యము.

ఈ సాక్ష్య మింకను పెరుగవలసియున్నది. నెల్లూరు రైతు కథ పాతదైనను దానిలోని నష్టము పాతబడలేదు. కుండలో దొరకినది కంసాలి కుంపటిలో పడినప్పుడు వెండి మిగులును, చరిత్ర పోవును. నాణెము విడిగ చేతికి వచ్చినను దాని విలువ సగమే. ఏ పొలమున, ఏ లోతున, ఏ నాణెములతో కలిసి దొరకినదో తెలిసినప్పుడే గైయసు లూషియసుల ప్రక్కన టైబీరియసు నిలిచిన సంగతివంటిది బయల్పడును. మంజీర గోదావరుల నడుమనున్న గ్రామములలో పనిచేయు నుపాధ్యాయులకును పరిశోధక విద్యార్థులకును దీనియందు బాధ్యత కలదు. పాతనాణెము కనబడినప్పుడు దానిని తోమక, కొనక, దొరకిన స్థలమును తేదీని వ్రాసి, తూకమును కొలతను గుర్తించి, బొమ్మను బొరుసును రెండింటిని చిత్రించి పురావస్తుశాఖకు తెలుపుట మొదటి పని. బొమ్మవైపు చూచి రాజును గుర్తించి తృప్తిపడుట మన యలవాటు. దేశభాష పలికినది బొరుసువైపున నని శాతవాహనుల వెండి నాణెము మనకు నేర్పుచున్నది.